కోనసీమయందు గ్రామోద్యాననిర్మాణము

తోఁట యను మాట యొక్కటియే యైనను నా మాటకు విషయమగు వస్తువు లనేకములు. అమరసింహుఁడు వనౌషధివర్గప్రారంభముననే యీ భేదములను వేఱుపఱచి చెప్పెను. ఇంటిని జేరియున్న తోఁట నిష్కుటము. మనుష్యులు నాఁటి పెంచిన కృత్రిమవనము ఆరామము, లేక యుపవనము. మంత్రుల యిండ్లకును గణికల యిండ్లకును జేరినది వృక్షవాటిక. రాజునకు సంబంధించిన సాధారణవనము ఆక్రీడము, లేక యుద్యానము. అంతఃపురమున కుచితమైనది ప్రమదవనము. తెనుఁగునందును నిట్టి వివక్ష లేకపోలేదు. ఇంటి వెనుక నుండునది పెరడు. కంచెచేఁ జుట్టఁబడినది దొడ్డి. మామిడి, తాడి మొదలగు వానిలో నొక్క జాతి చెట్లు గుంపుగా నున్నచో నది తోపు. దున్ని, నీరు పెట్టి, ఫలము గోరి పెంచునది తోఁట.

ఈ పదములను సరిపోల్చి చూచినచో నొక విషయము స్పష్టమగును. పూర్వులు తోఁటలను విభజించునపుడు వానియందలి చెట్ల పేరులకంటె, ఆ తోఁట యెవరిది, యెక్కడ నున్నది, యెందుల కేర్పడినది యను మూఁడు ప్రశ్నలకే ప్రాధాన్య మిచ్చిరి. క్రొత్తగాఁ దోఁట వేయఁ బూనినవారును ముందుగా నీ మూఁడింటికే సమాధానము చెప్పుకొనవలసియున్నది. కోనసీమకు ముఖద్వారమగు రావులపాలెము పరిసరములను దృష్టియం దుంచుకొని యా ప్రశ్న లిందు విచారింపఁబడుచున్నవి.

కావ్యోద్యానము

పండితులకు మిక్కిలి పరిచితమైన తోఁట ప్రబంధములలోనిది. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు వలయు వర్ణనములను జెప్పుచు, నగర సముద్ర శైల ఋతువులతోడను జంద్రసూర్యోదయములతోడను నుద్యానక్రీడను, సలిలక్రీడను గూడఁ బేర్కొనెను. తెనుఁగు ప్రబంధకవు లా సంప్రదాయమును బెంపొందించిరి. కాని కావ్యములోని తోఁట యే దేశమునకుఁ జెందినదో చెప్పుట కష్టము. అందుఁ జందనవృక్షమును, ఏలకితీఁగెయు, మామిడియు, పొన్నయు నొక్కచోటనే పెరుఁగును. యువతి పాదము తాఁకి యశోకమును, మద్యగండూషముచేఁ బొగడయు, చూపుచేఁ దిలకమును, కౌఁగిలిచేఁ గురవకమును బుష్పించును. ఇవి కవిసమయములు. రసపోషణకై యేర్పడిన యీ సంప్రదాయమున దోష మేమియు లేదు. కావ్యోద్యానమునకు నేల యుండదు. కావున దానికి మెరకపల్లములుగాని, వరదగాని, గాలివానగాని లేవు.

నిజమైన నేలమీఁదఁ దోఁట వేయువాఁడు మాత్రము ఆ వర్ణనమును మాదిరిగాఁ గొన్నచో నష్టము తప్పదు. నేఁడు పలుచోట్ల నిట్టిదియే జరుగుచున్నది. ప్రబంధమునకు బదులు మొక్కల యంగళ్లవారి రంగుపటములు వచ్చినవి గాని భ్రాంతి యొక్కటియే. గౌతమి కావలియొడ్డునందలి కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలు దేశమంతటఁ బ్రసిద్ధి కెక్కినవి. అక్కడ నానాద్వీపముల మొక్కలును దొరకును. దొరకిన దంతయుఁ దగినదే యగునా యనునది యిప్పటి ప్రశ్న.

శాస్త్రము చూపిన త్రోవ

ప్రాచీనులు భూమిని జాంగలము, అనూపము, సాధారణము అని మూఁడు విధములుగా విభజించిరి. నీరును చెట్లును తక్కువగాఁ గలది జాంగలము. నీరు సమృద్ధిగాఁ గలది అనూపము. రెంటి లక్షణములును గలిసినది సాధారణము. వైద్యశాస్త్రమునఁ బథ్యాపథ్యములకు నీ విభాగమే యాధారము. వృక్షశాస్త్రమునకును నిదియే యాధారము.

క్రీ. శ. ఆఱవ శతాబ్దమునందలి వరాహమిహిరుఁడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకుఁ బ్రత్యేకముగా నొకయధ్యాయము నొసఁగెను. అది మిక్కిలి చిన్నది. కాని యందలి విధులు నేఁటికిని బరీక్షకు నిలుచునవి. మెత్తని నేల యెల్ల చెట్లకును హితమనియు, ముందుగా నందు నువ్వులు చల్లి, అవి పూఁత కొచ్చినపుడు త్రొక్కించి నేలలోఁ గలుపవలెననియు నతఁడు చెప్పెను. గోదావరీమండలమున రైతులు జీలుగను, జనుమును బెంచి పూఁతదశలో దమ్ముచేయుట యీ విధికి భిన్నము కాదు. నాఁటిన మొక్కలకు వేసవిలో నుదయసాయంకాలములయందును, చలికాలమున దినము విడిచి దినమును, వర్షకాలమున నేల యెండినపుడు మాత్రమును నీరు పోయవలెనని మఱియొక విధి. చెట్టునకును జెట్టునకును నడుమ నిరువది హస్తములు ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు కనిష్ఠమని వేఱొక విధి. కొమ్మలు కొమ్మలను దాఁకునట్లును, వేళ్లు వేళ్లతోఁ బెనఁగునట్లును దగ్గఱగా నాఁటిన చెట్లు పీడితములై చక్కఁగా ఫలింపవని దానికి హేతువును జెప్పెను.

హస్తము సుమారు 18 అంగుళములు. ఆ లెక్కను మధ్యమమానము 24 అడుగులగును. నేఁడు వ్యవసాయశాస్త్రజ్ఞులు కొబ్బరికి విధించునది సుమారు 25 అడుగుల యెడము. చదరముగా నాఁటినచో నెకరమునకు రమారమి 70 చెట్లు పట్టును. పదునాలుగు వందల యేండ్లకుఁ బైఁబడిన మానమును, నేఁటి మానమును నొక యడుగు భేదముతోఁ గలియుట గమనింపఁదగినది.

అయినను శాస్త్రము నక్షరశః గొనరాదు. వరాహమిహిరుఁ డనూపభూమికిఁ దగినవని పదునాఱు వృక్షములను లెక్కించెను. నేరేడు, కడిమి, మేడి, మద్ది, మాదీఫలము, దానిమ్మ, కానుగ, పనస, అంబాళము మొదలగునవి వానిలోనివి. వీనిలో నేరేడును, మేడియు, కానుగయు, పనసయు గోదావరీతీరమునఁ జక్కఁగాఁ బెరుఁగునవే. కాని ఆ పదునాఱింటిలో ద్రాక్ష యున్నది, కొబ్బరి లేదు! కోనసీమకుఁ గొబ్బరి లేని తోఁట యూహింప రానిది. ద్రాక్ష యిచ్చటి తేమకుఁ దాళదు. ఆచార్యుఁ డవంతిదేశపువాఁ డగుట స్మరించినచో నిందు వింత లేదు. అతఁడు తా నెఱిఁగిన నేలకు శాస్త్రము చెప్పెను. కావున శాస్త్రమునుండి గ్రహింపవలసినది చెట్ల పట్టిక కాదు. నేలనుబట్టి చెట్టును నిర్ణయించు పద్ధతి.

ఈ భావము భారతదేశమునకే పరిమితము కాదు. చీనాదేశమున జీ చెంగ్ అను నుద్యాననిర్మాత 1631 ప్రాంతమునఁ దోఁటల నిర్మాణమునుగూర్చి యొక గ్రంథము వ్రాసెను. తోఁట కావలనున్న కొండను, గోపురమును, నీటిని దోఁటలోని దృశ్యముగాఁ జేసికొనుటను అందు ముఖ్యముగాఁ జెప్పెను. దానిని ఎరవు తెచ్చుకొన్న దృశ్యమందురు. ఇంగ్లండునఁ గవియగు అలెగ్జాండర్ పోప్ 1731లోఁ బ్రకటించిన పద్యలేఖయందు, తోఁట వేయువాఁడు ముందుగా నా స్థలముయొక్క స్వభావమును విచారించి దాని ననుసరింపవలెనని బోధించెను. వరాహమిహిరుఁడు నేలను, జీ చెంగ్ చూపును, పోప్ స్థలస్వభావమును బ్రధానముగాఁ గొనిరి. రావులపాలెమునందు నీ మూఁడును నెట్లు సమన్వయింపవలెనో చూడవలసియున్నది.

రావులపాలెపు నేల

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను రెండు ప్రధానశాఖలుగాఁ జీలును. ఈ రెంటి నడుమ సముద్రమువఱకు వ్యాపించిన త్రికోణాకారపు నేలయే కోనసీమ. వసిష్ఠనుండి మరల వైనతేయ చీలి యీ నేలను విభజించుచున్నది. రావులపాలెము గౌతమికిఁ గుడియొడ్డున, ఆ త్రికోణముయొక్క శిఖరమునకుఁ జేరువలో నున్నది. జొన్నాడనుండి వచ్చు జాతీయరహదారి వారధిమీఁద గౌతమిని దాఁటి యిచ్చటఁ గోనసీమను జొచ్చి, సిద్ధాంతముకడ వసిష్ఠను దాఁటి పోవుచున్నది. ఇచ్చటి యరఁటిగెలల విపణి యాంధ్రదేశమంతట విఖ్యాతము. 2022 ఏప్రిల్ 4వ తేదిని తూర్పుగోదావరిజిల్లానుండి విడివడి కోనసీమ ప్రత్యేకజిల్లాగా నేర్పడినపుడు ఈ గ్రామ మందుఁ జేరినది.

నది వరదకాలమునఁ దెచ్చు మంటిలో బరువైన యిసుకయు, ముతుకయొండును ఒడ్డునకుఁ జేరువనే నిలిచిపోవును. సన్నని జిగటమన్ను నీటితోడ దూరముగాఁ బోయి నిలుచును. ఇట్లు వేలకొలఁది సంవత్సరములు జరుగుటచే నేటియొడ్డు ఎత్తుగను, ఒడ్డునకు దూరమగుకొలఁది నేల పల్లముగను నేర్పడినది. కోనసీమ దృశ్యమున కంతకును మూలమిదియే. మెరకలయందుఁ గొబ్బరి, అరఁటి, కంద, పసుపు, పల్లములయందు వరి, ఏటిగట్టునకు లోపల నదీగర్భమున లంకలు, మెరకలవెంబడి గ్రామములు. రహదారినిఁ బోవువానికిఁ బచ్చదన మంతయు నొక్కటిగాఁ దోఁచినను, మూఁడు నాలుగడుగుల యెత్తుపల్లములే యే పంట యెక్కడ నుండవలెనో నిర్ణయించినవి.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలిడి 1852 నాఁటికి ముగించిన యానకట్ట ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నుండెను. ఆ తరువాతఁ బుట్టిన కాలువల పద్ధతియు నీ నేలవాలునే యనుసరించినది. పాఱుదలకాలువలు మెరకవెంబడి నడచును. మురుగుకాలువలు పల్లమువెంబడి నడచి సముద్రమును జేరును. నీరు పైనుండి వచ్చి పొలము దడిపి క్రిందికిఁ దొలఁగును. వచ్చు త్రోవ యెంత ముఖ్యమో పోవు త్రోవయు నంత ముఖ్యము. 2011 ఖరీఫునందుఁ గోనసీమ రైతులు వరిసాగు మానుకొని ప్రకటించిన పంటవిరామమునకుఁ గారణములు పెక్కు. వానిలో మురుగు సరిగాఁ బోకపోవుట యొకటి.

నీటి విషయము

రావులపాలెము పరిసరములఁ దోఁట వేయఁ దలఁచినవాఁడు చేయవలసిన మొదటి పని నాఁటుట కాదు, చూచుట. ఒక వానకాల మా స్థలమును బరిశీలించి, వాననీ రెక్కడఁ బాఱుచున్నది, యెక్కడ నిలుచుచున్నది, యెన్నాళ్లకుఁ దీయుచున్నది యని గుఱుతులు పెట్టుకొనవలెను. పిదప రెండు మూఁడుచోట్ల మూఁడడుగుల లోఁతున గోతులు త్రవ్వి మన్ను చూడవలెను. పై నిసుకయొండు, క్రింద జిగటమన్ను గలచోట వేళ్లకు నీటిపట్టు తప్పదు.

ఇప్పటి వాడుక వేఱు. స్థలము గొన్నవారు మొదట లారీలతో మన్ను దెప్పించి నేలనంతయు రోడ్డు మట్టమునకుఁ బూడ్చుచున్నారు. చుట్టును సిమెంటుగోడ కట్టుచున్నారు. వారి స్థలము మెరకయైనది. కాని యంతకుమునుపు దానిమీఁదుగాఁ బోవు నీరు పొరుగువాని దొడ్డిలో నిలిచినది. అరఁటిమొదట నీరు కొన్ని దినములు నిలిచినచో వేరు క్రుళ్లి చెట్టు పడిపోవును. ఒకని యుద్యానము వేఱొకని తోఁటకుఁ జేటగును. తోఁట చుట్టుపట్ల నేలతోఁ బొత్తు గలదియో కాదో తెలియుటకు నిదియే మొదటి పరీక్ష.

దీనికిఁ బ్రతిక్రియ సీమలోనే కలదు. స్థలమునందలి పల్లపుమూల గుంట త్రవ్వి, వచ్చిన మన్నుతో మిగిలిన భాగమున బోదెలకు నడుమ గట్లు పెంచినచో త్రవ్వకమును బూడికయు నా స్థలములోనే సరిపోవును. గుంట వాననీటిని బట్టును. వేసవిలో మొక్కలకుఁ దడి నిచ్చును. మిక్కుటమైన నీటిని బోదె మురుగుకాలువకుఁ జేర్చును. గుంటలోఁ గలువయు, దామరయు, గట్టున మొగలియు, వావిలియు నుండవచ్చును. ఇది యలంకారమునకుఁ జేసిన కొలను కాదు. ఉపయోగమునకుఁ జేయఁగా నలంకారమైనది.

నదివరదను మాత్రము తోఁటలోని యే యేర్పాటును నాపఁజాలదు. 1986 ఆగస్టునందు ధవళేశ్వరముకడ సెకనుకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పాఱినది. 2022 జూలై వరదయు 25 లక్షలు దాఁటినది. అట్టి సమయములఁ గోనసీమకు రక్ష యేటిగట్టే. కావున గట్టునకుఁ జేరువఁ దోఁట వేయువారు గట్టు వాలును ద్రవ్వుటగాని, దానిమీఁదఁ బెద్దవేళ్ల చెట్లను బెంచుటగాని, మెట్లకై కోయుటగాని చేయరాదు. లంకభూములలో శాశ్వతవృక్షములకంటె నేఁటేఁటఁ దీసికొను పంటలే తగినవి.

గాలి విషయము

1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమను దాఁకిన తుఫానునందు వేయిమందికిఁ బైగా జనులు మరణించిరి. కొబ్బరిచెట్లు లెక్కకు మీఱి కూలినవి. కొబ్బరి నాఁటినచో మరలఁ జక్కని కాఁపునకు వచ్చుట కైదాఱేండ్లకుఁ దక్కువ పట్టదు. ఒక్కకొబ్బరినే నమ్ముకొన్న కుటుంబమున కా యేండ్లు కఱవుకాలములే. అరఁటిపిలక నాఁటినచో సంవత్సరమునకే గెల వేయును. కందయుఁ బసుపును నేలలోపలఁ బెరుఁగునవి గనుక గాలికి లొంగవు. పెక్కు జాతులఁ గలిపి పెంచుట కేవల మందము కొఱకు కాదు. విపత్తునందు నిలువరించు నుపాయము.

గాలికి నడ్డముగా నేమి కట్టవలెననునదియు విచార్యమే. తుఫానుగాలి మొదట నొక దిక్కునుండి వీచి, సుడి దాఁటిన పిదప దిక్కు మార్చును. కావున నొకవైపు మాత్రమే చెట్లవరుస చాలదు. నిండుగోడ గాలిని దాఁకి పైకెగయించి లోపల సుడులు పుట్టించును. ఆకులసందులఁ గొంత గాలిని వడియఁగట్టి విడుచు చెట్లవరుస దాని వేగమును దగ్గించును. వెదురుపొదలు, కానుగ, వేఁప మొదలగునవి యంచులయం దుండవలెను. అరఁటి వాని చాటున నుండవలెను. గెల వేసిన యరఁటికి వెదురు నూఁతగా నుండును గనుక, అంచునందలి వెదురు లోపలి పంటకు సేవకుఁడును నగును.

అంతరువులు

కోనసీమ తోఁటను జూచినవారికి నది యొక్క అంతస్తుగా నుండదని తెలియును. పైనఁ గొబ్బరి, పోఁక. దాని క్రింద నరఁటి, కోకో. దాని క్రిందఁ గంద, పసుపు. బోదెలపైఁ దమలపాకు పందిరి. కొబ్బరిబోదెల నంటి ప్రాఁకు మిరియపుఁదీఁగె. ఎండ పైనుండి క్రిందికి దిగుచు నొక్కొకతరగతిచేఁ గొంతకొంత గ్రహింపఁబడును. అమరసింహుఁడు తాడి, నారికేళము, పోఁక, ఖర్జూరము, మొగలి మొదలగువానిని దృణద్రుమములని పేర్కొనుట యిచ్చటఁ దలఁపఁదగినది. గడ్డిజాతివానికివలెనే వీనికి తల్లివేరు లేదు. పీచువేళ్లు మొదలుచుట్టును గుబురుగా నుండును. కొబ్బరివేళ్లలో నధికభాగ మాఱేడడుగుల లోపలనే యుండుటచే, 25 అడుగుల యెడములో నడిమినేల యితరసస్యములకు మిగులును.

ఈ యేర్పాటు కాలముతో మాఱును. కొబ్బరి చిన్నదిగా నున్న మొదటి యేడెనిమిదేండ్లు నేలకు నెండ చక్కఁగాఁ దగులును. అప్పు డరఁటియుఁ గూరలును పండును. తరువాతఁ జెట్లు గుబురై, సుమారు ఇరువదియైదవ యేఁటివఱకు నీడ చిక్కఁబడును. అప్పుడు నీడకుఁ దాళు కంద, పసుపు వంటివి తగును. పిదపఁ జెట్లు పొడవై మరల వెలుతురు దిగును. అప్పుడు కోకో, మిరియము, అరఁటి పెంపఁదగును. తోఁటను గీసిన పటము మొదటి యేఁటికి మాత్రమే సరిపోవునదైనచో నది పటము కాదు. నాఁటువాఁడు కొమరునికాలమునకును మనుమనికాలమునకును సైతము లెక్క వేయవలెను.

జాతుల యెన్నికయందు స్వదేశిపరదేశిభేద మొక్కటే ప్రమాణము కాదు. మిరప, జామ, బొప్పాయి, సపోటా అమెరికాఖండమునుండి వచ్చినవి; నేఁడవి లేని తెనుఁగు పెరడు లేదు. కోకోయు నట్టిదే; ఐనను గొబ్బరినీడలో నిమిడిపోయినది. కోనోకార్పసు పచ్చదనము త్వరగా నిచ్చునని యీ మధ్య రోడ్లప్రక్కల విరివిగా నాఁటిరి. దాని వేళ్లు మురుగుకాలువలను బాడుచేయుననియు, పుప్పొడి శ్వాసరోగులకు హానికరమనియు నాక్షేపణలు కలిగినవి. మురుగే ప్రాణమగు సీమకు నట్టి చెట్టు తగదు. కావున మొక్క యెక్కడిదని కాక, యిచ్చటి నీటికి, గాలికి, నీడకు, పనివాని చేతికి నిముడునా యని యడుగవలెను. అంబాజీపేట పరిశోధనస్థానము పొడవుజాతికిని గంగాబొండమునకును సంకరముగా నుత్పత్తిచేసిన గోదావరిగంగ యను కొబ్బరి యీ సీమలోనే పుట్టిన క్రొత్తజాతికి నుదాహరణము. నూతనత్వము దోషము కాదు, పొసఁగమియే దోషము.

చూపు, హద్దు, బాట

చీనాదేశపు నిర్మాత కొండను ఎరవు తెచ్చుకొనెను. కోనసీమ సమతలము, ఇచ్చటఁ గొండ లేదు. అయినను ఏటిగట్టు, దాని కావల గౌతమి మెఱుపు, పల్లమునందలి వరిచేను, దూరమునఁ గోవెల గోపురము, కొబ్బరితలల యంచు కలవు. వీనిని గోడ కట్టి మూసివేసి, లోపలఁ గృత్రిమపుఁ గొండయు జలయంత్రమును నిలుపుట సంపదను విడిచి యప్పు చేయుట వంటిది.

కొబ్బరిచెట్టునకుఁ దక్కిన చెట్లకు లేని యొక గుణము కలదు. దాని తల పైన నీడపట్టును. మొదలు స్తంభమువలె సన్నముగా నుండును. కావున దాని క్రిందుగాఁ జూపు సాగును. మామిడియుఁ బనసయు నట్లు కాక కొమ్మలు దించి చూపు నాపును. దీనినిబట్టి స్థాననిర్ణయము సులభమగును. నదివైపునఁ జేనువైపునఁ గొబ్బరి వరుసలు. పడమటియెండ తగులు వైపునను, రహదారి దుమ్మును రొదయు వచ్చు వైపునను మామిడి, పనస, నేరేడు. కొబ్బరివరుసల నడుమ నడ్డములేని యొక బాట చూపును గట్టువఱకుఁ గొనిపోవలెను.

హద్దునకు సిమెంటుగోడకంటె దడియు జీవకంచెయు మేలు. కొబ్బరిమట్టల దడి తోఁటలోని వ్యర్థముతోడనే యగును. గోరింట, మందార, నందివర్ధనము, వావిలి కలిపి పెంచిన కంచె నీటిని గాలిని వడియఁగట్టి విడుచును, పూవుల నిచ్చును. బాటలు గట్లమీఁద నుండవలెను. బోదెలను దాఁటుచోటఁ దాటిదూలములో బండపలకలో చాలును. బాటపైఁ గొబ్బరిపీచును బొట్టును బఱచినచో బురద కాదు.

ఇందొక్క జాగ్రత్త మఱవరాదు. కాఁపునకు వచ్చిన కొబ్బరిక్రింద నరుగుగాని, కూర్చుండు పీటగాని, పిల్లలాడు చోటుగాని యుండరాదు. రాలు కాయయు మట్టయుఁ బ్రాణాపాయకరములు. కూర్చుండుటకుఁ బొగడక్రిందనో వేఁపక్రిందనో చోటు చేయవలెను. దింపు తీయువాని మోకునకుఁ, గాయలు రాశి పోయుటకు, బండి తిరుగుటకుఁ దగిన తెఱపియు ముందే విడువవలెను. పనివానికిఁ జోటు లేని తోఁట కొలఁది యేండ్లలోఁ బనికిరాక పాడుపడును.

తోఁట యెవరిది

మొదటి ప్రశ్నకు సమాధానము చివరకు వచ్చినది. తోఁట యొక యింటిదైనచోఁ బెరటితోఁ బొందికగా, వంటయింటి నీరు పాఱుచోట నరఁటియుఁ గందయు, వాకిట మల్లెయు సంపెఁగయు నుండును. మండువాలోఁగిళ్ల వెనుకటి పెరళ్లన్నియు నిట్టివే. కోవెలదైనచోఁ బూజకు వలయు పారిజాతము, నందివర్ధనము, తులసి, మారేడు, గన్నేరు ముఖ్యములు. బడిదైనచో నీడయు, నడచు చోటును, పేరు తెలిసి చూపఁదగిన చెట్లును ముఖ్యములు. మొక్కల లెక్కయు దీనిపైనే యాధారపడును. వరాహమిహిరుఁడు విధించినట్లు వేసవిలో రెండుపూఁటలు నీరు పోయఁగల చేతు లెన్ని కలవో యన్ని మొక్కలే నాఁటవలెను. ప్రారంభోత్సవమున వేయి నాఁటి వేసవినాఁటికి నూఱు మిగుల్చుటకంటె, నూఱు నాఁటి నూఱును నిలుపుట మేలు.

గ్రామపాఠశాలల పండితుల కీ విషయమున నొక ప్రత్యేకాధికార మున్నది. కాదంబరి, మేఘసందేశము, మనుచరిత్రము చదువు విద్యార్థికిఁ గదంబ మనఁగాఁ గడిమి యనియు, నక్తమాల మనఁగాఁ గానుగ యనియు నిఘంటువు చెప్పును. కాని యా చెట్టును జూడని వానికి రెండును శబ్దములే. మెరక, పల్లము, బోదె, పాదు, పిలక, గెల, మట్ట, దింపు అను మాటలు నట్టివే. ఇవి నిఘంటువులోఁ గంటెఁ దోఁటలో నెక్కువగా బ్రతుకుచున్నవి. కొబ్బరితోఁటలు కొన్ని చెఱువులుగా మాఱి రొయ్యలను బెంచుచున్నవి, కొన్ని యిండ్లస్థలములైనవి, మిగిలినవి పూడికచేతను గోడలచేతను నీటిత్రోవను గోల్పోవుచున్నవి. నేల మట్టమైనచో మెరకకును బల్లమునకును భేదము పోవును. పిదప నా మాటలు పిల్లలకు వివరింపవలసిన పాతమాట లగును.

కావున నొక బడి యావరణమునఁ బది సెంట్ల నేలలోనైనను, వాననీటి నడకను జూచి, పల్లపుమూల గుంట త్రవ్వి, అంచులఁ గానుగ వేఁపలను, లోపల నేరేడు మేడి పనసలను, పిల్లలు కూర్చుండు చోటికి దూరముగా రెండు కొబ్బరులను, బోదెవెంట నరఁటిని నాఁటి, ప్రతిచెట్టుమొదటను సంస్కృతనామమును దెనుఁగుపేరును వ్రాయించినచో, అమరకోశమునందలి వనౌషధివర్గమున కది వ్యాఖ్యానమగును; ఆ యూరి నేలకును వ్యాఖ్యానమగును. ఆ చెట్లనీడఁ జదువుకొన్న విద్యార్థి, మున్ముందుఁ దన స్థలమునఁ దోఁట వేయునపుడు, లారీమన్నును గాక వాననీటిత్రోవను ముందుగా వెదకును.